మాడు ఎరిగిన వేళ్ళు

తలకు నూనె పెట్టే ముందు మా గూడూరు వైపు పెద్దవయసు ఆడవాళ్ళు ఒక పని చేస్తారు. పాపిట తీసి, రెండు బొటనవేళ్ళతో జుట్టును అటూ ఇటూ విడదీసి, మధ్యలో బయటపడ్డ చర్మాన్ని చూపుడువేలి కొసతో తడుముతారు. నడినెత్తిన ఒకచోట, చెవి వెనక ఒకచోట, మెడ పైన పిల్లవెంట్రుకల దగ్గర ఒకచోట. ఆ వేలిని బొటనవేలికి రాసి చూసుకుంటారు. ఒక్కోసారి వాసన కూడా చూస్తారు. ఇదంతా అర నిమిషం కూడా పట్టదు, చూసేవాళ్ళకు పని కిందే లెక్కకు రాదు. కానీ ఏ నూనె పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎంతసేపు నాననివ్వాలి, కుంకుడు రసం చిక్కగా తియ్యాలా పలచగా తియ్యాలా, నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలి అన్నవన్నీ ఆ వేలు చెప్పినదాన్నిబట్టే నడుస్తాయి.

వెంకటగిరి మగ్గం మీద పడే జరీ బుటా గురించీ, శ్రీకాళహస్తి కలంకారీ కలం గురించీ మనం ఎంతో రాసుకున్నాం. వాటి సరసన కూర్చోదగ్గ చేతిపని ఇది. అయితే దీన్ని గోడకు వేలాడదీయలేం, ప్రదర్శనలో పెట్టి అమ్మలేం. సాయంత్రానికి జడ ఆరేసరికి పని చేసిన ఆనవాలే మిగలదు. పెరళ్ళలో, బావిగట్ల మీద, ఇప్పుడు టైల్సు పరిచిన బాత్రూముల్లో ఈ పనిని గమనిస్తూ వచ్చిన నాకు అర్థమైంది ఒక్కటే. ఇందులో నేర్పంతా జుట్టు దగ్గర లేదు, జుట్టు మొలిచే చర్మం దగ్గర ఉంది. బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. దానికి తిండి పెట్టడం ఎవరివల్లా కాదు. ప్రాణమున్నది కుదుట్లో, ఆ కుదురు చుట్టూ ఉన్న తోలులో. అందుకే తెలిసిన చెయ్యి ముందు జడను పట్టుకోదు, మాడును ముట్టుకుంటుంది.

గూడూరు ఈ పనికి తేలికైన ఊరు కాదు. 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారిందే గానీ ఊరి గాలి మారలేదు. తూర్పున కోట, వాకాడు దాటితే సముద్రం. పడమర వెలికొండలు. సంవత్సరంలో ఎక్కువ నెలలు చెమట ఆరదు. చెన్నై నుంచీ విజయవాడ నుంచీ రేణిగుంట నుంచీ వచ్చే రైలుమార్గాలు కలిసే జంక్షను కాబట్టి రోజూ ప్రయాణాలు చేసేవాళ్ళు చాలామంది. దుమ్ము, చెమట, తలలో ఊరే జిడ్డు మూడూ కలిసి పొద్దుగూకేసరికి మాడు మీద ఒక పొర కడతాయి. దానికి తోడు సముద్రం దగ్గరయ్యేకొద్దీ చాలా బోర్లలో పడేది ఉప్పునీళ్ళే. ఇన్ని ఇబ్బందుల మధ్య పుట్టిన నేర్పు కాబట్టే ఇంత సూక్ష్మంగా తయారైందని నాకు అనిపిస్తుంది.

మాడులో జరిగే పని కాస్త తెలిస్తే ఆ వేలికొస నేర్పు ఎంతటిదో తెలుస్తుంది. ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక తైలగ్రంథి ఉంటుంది. ఒంటి మీద ఈ గ్రంథులు బాగా ఒత్తుగా ఉండే చోట్లు ముఖం, తల. అరచేతుల్లో, అరికాళ్ళలో అసలే ఉండవు. ఆ గ్రంథి ఊర్చే నూనె వెంట్రుక వెంబడి పైకి వచ్చి చర్మం మీద పలచగా పరుచుకుంటుంది. ఎంత ఊరాలో నిర్ణయించేవి హార్మోన్లు. అందుకే ఒకే మనిషి తల జీవితమంతా ఒకేలా ఉండదు. పసితనంలో తల్లి హార్మోన్ల ప్రభావం ఉన్నన్నాళ్ళు గ్రంథులు చురుగ్గా ఉండి ఆ తర్వాత సద్దుమణుగుతాయి. యుక్తవయసులో ఒక్కసారిగా విజృంభిస్తాయి. ముట్లుడిగిన ఆడవాళ్ళలో బాగా తగ్గిపోతాయి. అవ్వ, కోడలు, కాలేజీకి వెళ్ళే మనవరాలు ఉన్న ఇంట్లో ఉండేవి మూడు రకాల మాడులు. ముగ్గురికీ ఒకే గిన్నెలో నూనె, ఒకే రసం వాడితే ఒకరికి సరిపోయి ఇద్దరికి చెడుతుంది.

మా అవ్వ తల పట్టుకుంటే ముందుగా ఆమె నోటినుంచి వచ్చే మాట, "ఏందమ్మే, మాడు ఇట్టా పెళుసుబారిపోయిందే!" లేకపోతే, "నిన్నగాక మొన్న పోసినానే, అప్పుడే ఇంత జిడ్డేంది?" ఈ రెండు మాటల్లో రెండు దార్లు చీలిపోయేవి. పొడి మాడు వేలికి గరుగ్గా, బిగుసుకుపోయినట్టు తగులుతుంది. దాని మీంచి రాలే పొట్టు సన్నగా, తెల్లగా, ఊదితే ఎగిరిపోయేట్టు ఉంటుంది. జిడ్డు మాడు వేలిని జార్చేస్తుంది. పోసుకున్న మర్నాటికే కుదుళ్ళ దగ్గర వెంట్రుకలు గుంపులుగా అతుక్కుంటాయి. ఇంకొందరిది సున్నితమైన మాడు. పాపిట వెంబడి ఎర్రటి గీత, ఏది రాసినా చురుకు. చుండ్రు పట్టిన మాడు మీది పొట్టు పెద్దగా, కాస్త పసుపుగా, గోటికి అంటుకునేట్టు ఉంటుంది. ఉంగరాల జుట్టువాళ్ళకు మరో తిరకాసు. మాడు జిడ్డుగానే ఉంటుంది గానీ ఆ నూనె మెలికలు దాటి కొసలదాకా రాలేదు, అందుకని కొసలు ఎండిపోతాయి. అలాంటి తలను పైనుంచి చూసి పొడిజుట్టు అనుకుని మాడుకు నూనె దట్టించడం తెలియని చెయ్యి చేసే పని. తెలిసిన చెయ్యి మాడును వదిలేసి కొసలకు పెడుతుంది.

ఇక నూనెలు. రాయలసీమ, నెల్లూరు పల్లెల్లో తలకు పెద్దపీట ఆముదానిది. గింజల్ని వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన చమురును తోడి కాచుకున్న వంటాముదం. అది చిక్కన, జిగట. ఒంటరిగా పెడితే కడగడం కష్టం. అందుకని నువ్వులనూనెతోనో కొబ్బరినూనెతోనో కలిపి, నీళ్ళగిన్నెలో గిన్నె పెట్టి గోరువెచ్చన చేస్తారు. పొడి మాడుకు ఈ కలిపిన నూనె రాత్రి పెట్టి పొద్దున పోయడం, నడివయసు మాడుకు ఒక గంట ముందు పెట్టడం, జిడ్డు మాడుకు మాడును ముట్టకుండా వెంట్రుకకే నాలుగు చుక్కలు రాయడం. ఈ మూడో పద్ధతికి గట్టి ఆధారం తర్వాత దొరికింది. 2003లో ఆర్తి రెలె, ఆర్.బి. మొహిలె అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. తలస్నానానికి ముందు గానీ తర్వాత గానీ రాసినప్పుడు వెంట్రుకలోంచి ప్రొటీను పోకుండా బాగా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది. అంటే ఆ మేలు వెంట్రుకకు జరుగుతున్నది, మాడుకు కాదు. జిడ్డు తలవాళ్ళు కొబ్బరినూనెను పూర్తిగా మానెయ్యక్కర్లేదు, చోటు మారిస్తే చాలు.

మర్దనాలో ఒక రహస్యం ఉంది. పక్కనుంచి చూస్తే అందరూ చేసేది ఒకటే అనిపిస్తుంది. తెలియనివాళ్ళ వేళ్ళు జుట్టు మీద జారుతుంటాయి. వెంట్రుకలు ఒకదానితో ఒకటి రాసుకుని చిక్కుపడతాయి, కొన్ని తెగుతాయి. తెలిసినవాళ్ళ వేళ్ళు పెట్టినచోటే నిలిచి ఉంటాయి. వాటి కింద చర్మం మాత్రం ఎముక మీద కదులుతుంది. గోరు తగలదు, వేలి కండ మాత్రమే తగులుతుంది. కణతల దగ్గర మొదలై చెవుల పైనుంచి వెనక్కి, మెడ గుంటనుంచి పైకి, చివరికి నడినెత్తిన కలుస్తాయి. మా అవ్వ చేతికింద నిద్ర ముంచుకొచ్చేది. అదే తలను కాస్త బిగువుతో, గోళ్ళతో రుద్దితే ఎర్రబడి మంటెత్తుతుంది.

ఈ నేర్పు మీద నాకెంత గౌరవమున్నా ఒకచోట అది తప్పటడుగు వేసిందని చెప్పాలి. తలలో పొట్టు కనిపించగానే "నూనె చాలడం లేదు" అనడం పెద్దవాళ్ళలో చాలామందికి అలవాటు. పొడి మాడు పొట్టుకు అది సరైన మందే. చుండ్రుకు మాత్రం అది ఎదురుమందు. మనందరి తలల మీదా మలసీజియా అనే ఒక సూక్ష్మమైన బూజు ఉంటుంది. 1874లో దీన్ని వివరించిన ఫ్రెంచి వైద్యశాస్త్రవేత్త లూయీ షార్ల్ మలసే పేరే దానికి వచ్చింది. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను అది తయారుచేసుకోలేదు, మన తలలో ఊరే నూనెను విరగ్గొట్టి తింటుంది. ఆ విరుపులో మిగిలిన ఒలియిక్ ఆమ్లం లాంటివి కొందరి చర్మాన్ని రేపుతాయి. అప్పుడు చర్మకణాలు హడావుడిగా పుట్టి, రేకులు రేకులుగా ఊడిపోతాయి. అలాంటి మాడు మీద మనం పోసే కొబ్బరినూనె కూడా దానికి మేతే. చుండ్రు ఉన్నన్నాళ్ళు మాడుకు నూనె ఆపాలి. కీటోకొనజోల్, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ ఉన్న షాంపూల్లో ఒకదాన్ని రాసి, వెంటనే కడిగేయకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు మాడు మీద ఉండనివ్వాలి. ఆ ఉండనివ్వడంలోనే మందు పనిచేస్తుంది. నురగ రాగానే నీళ్ళు గుమ్మరించేవాళ్ళు మందు పనిచేయలేదని వాపోవడం నేను తరచూ వింటుంటాను.

అందరికీ నూనె ఒప్పదన్న ఎరుక మన పాత వైద్యంలో లేకపోలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో రోజూ అభ్యంగనం చేసుకోమని, తలకూ చెవులకూ పాదాలకూ ప్రత్యేకంగా పట్టించమని చెబుతూనే, కఫం పెరిగినవాళ్ళూ అజీర్తి ఉన్నవాళ్ళూ దాని జోలికి పోవద్దన్నాడు. ఒంటికి వేడినీళ్ళు బలమనీ, అవే తలమీద పోస్తే జుట్టుకూ కళ్ళకూ చేటనీ కూడా అక్కడే చెప్పాడు. మా ఇళ్ళల్లో ఆ శ్లోకాలు చదివినవాళ్ళెవరూ లేరు. కానీ ఒంటికి పోసే నీళ్ళు, తలకు పోసే నీళ్ళు రెండు వేరు వేరు బిందెల్లో తొలిపే అలవాటు మాత్రం ఉండేది. తలకు పోసే నీళ్ళను అవ్వ మోచెయ్యి ముంచి చూసేది. అరచెయ్యికి పనిచేసి పనిచేసి వేడి తెలియదని ఆమెకు తెలుసు.

కుంకుడు రసం తియ్యడం చూడ్డానికే ముచ్చటైన పని. కాయను ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. ముడతలు పడి, తేనెరంగులో మెరుస్తూ, నొక్కితే కాస్త జిగురు తగిలే కాయ మంచిది. దాన్ని రాతితో చితక్కొట్టి, నల్లటి గింజ తీసేసి, పెచ్చును వేడినీళ్ళలో నానేసి పిసుకుతారు. నురగ లేచిన తీరు చూసి ఇంకొన్ని నీళ్ళు పొయ్యాలా వద్దా అన్నది తేలుతుంది. చివరికి పలచటి గుడ్డలో వడగడతారు. వడకట్టని రసం పోస్తే పెచ్చుల ముక్కలు జుట్టులో చిక్కుకుని, దువ్వెనకు అడ్డంపడి, వెంట్రుకలు తెంపుతాయి. జిడ్డు మాడుకు చిక్కటి రసం రెండు విడతలుగా పోస్తారు. మొదటి విడత నురగ రాదు, నూనె దాన్ని మింగేస్తుంది. రెండో విడతకు తెల్లగా పొంగితే మాడు శుభ్రపడ్డట్టు. పొడి మాడుకు కుంకుడు పలచన చేసి, దానికి సీకాయను తోడుచేస్తారు. ఆ సీకాయపొడిని నీళ్ళతో కాకుండా అన్నం గంజితో కలుపుతారు. గంజి జారుడుతనానికి వెంట్రుకలు ఒకదానికొకటి రాసుకోవు, మాడు బిరుసెక్కదు. ఈ గంజి ఉపాయం ఎవరు కనిపెట్టారో గానీ, దానికి నేను చేతులు జోడిస్తాను.

సీకాయపొడి పాళ్ళు ఇంటింటికీ వేరు. సీకాయతో పాటు పెసలు, మెంతులు, ఎండిన మందారపూలు, ఉసిరిక పెచ్చులు, కచోరాలు, వట్టివేళ్ళు పడతాయి. జిడ్డు తలలు ఎక్కువున్న ఇంట్లో పెసల పాలు పెరుగుతుంది, ఆ పిండి జిడ్డును పీల్చేస్తుంది. పొడి తలల ఇంట్లో మెంతుల పాలు పెరుగుతుంది, నానిన మెంతి జిగురు తేమను పట్టి ఉంచుతుంది. పిండిమరవాళ్ళు దీన్ని బియ్యప్పిండి పట్టే రాయి మీద పట్టరు. ఆ ఘాటుకు మరలో ఉన్నవాళ్ళందరూ తుమ్మాల్సిందే. కుంకుడుకాయలూ సీకాయలూ కొండల్లో ఏరుకొచ్చే సరుకు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో గిరిజనుల దగ్గర వీటిని కొనడానికి 1956లో విశాఖపట్నంలో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ ఇప్పటికీ ఆ పని చేస్తోంది.

ఉప్పునీళ్ళ ఊళ్ళలో కుంకుడు ఎందుకు నిలబడిందో కూడా చెప్పాలి. గట్టినీళ్ళలో సున్నపు లవణాలు ఉంటాయి. ఒంటిసబ్బు వాటితో కలిసి మడ్డిలా విరిగి, మాడు మీదా వెంట్రుకల మీదా పేరుకుంటుంది. తల కడిగాక కూడా బంకబంకగా ఉండటం ఆ మడ్డి వల్లే. కుంకుడులోని సపోనిన్లు అలా విరగవు. ఇంకో సంగతి, మాడు సహజంగా కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. పి.హెచ్. లెక్కలో సుమారు 5.5. సబ్బు 9, 10 దగ్గర ఉండే క్షారం. కుంకుడు, సీకాయ రెండూ ఆమ్లం వైపే ఉంటాయి. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పు మీది పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి కమ్ముకుని ఉంటుంది. క్షారం తగిలితే ఆ పెంకులు లేస్తాయి, ఆమ్లం తగిలితే అణిగి ఉంటాయి. సీకాయతో కడిగిన జుట్టు మెరుపు ఆ అణుకువ వల్ల వచ్చింది. కుంకుడుతో ఉన్న ఒకే ఒక చిక్కు కళ్ళమంట. దానికోసం పోసేవాళ్ళు ఎడమచేతిని నుదుటి మీద అడ్డంపెట్టి, తల వెనక్కి వంచి పోస్తారు. కొన్ని ఇళ్ళలో పిల్లల నోట్లో ఉప్పుకల్లు పెట్టేవాళ్ళు. కంట్లో పడితే మాత్రం చేయాల్సింది ఒకటే, చల్లటి మంచినీళ్ళతో కడుగుతూ ఉండటం.

1983లో కడలూరులో మొదలైన చిక్ షాంపూ, దాని వెంట వచ్చిన రూపాయి ప్యాకెట్లూ ఈ పనిని చాలా ఇళ్ళలో పక్కకు నెట్టేశాయి. దాని మీద నాకు కోపం లేదు. పొద్దున ఆరున్నర బండికి చెన్నై వెళ్ళాల్సిన పిల్లను కుంకుళ్ళు కొట్టుకోమనడం న్యాయం కాదు. నేటి షాంపూల్లో చాలావాటికి గట్టినీళ్ళను తట్టుకునే గుణం ఉంది. పోయిందల్లా ఆ తడిమి చూసే వేలు. షాంపూ మాడుకు, కండిషనరు కొసలకు అన్న తేడా తెలియక రెండూ నడినెత్తిన గుమ్మరిస్తున్నాం. వారానికోసారి, ఆడవాళ్ళకు శుక్రవారం, మగవాళ్ళకు శనివారం అన్న పాత లెక్క కూడా జిడ్డు మాడుకు చాలదు. గూడూరు ఎండల్లో అలాంటివాళ్ళు రెండ్రోజులకోసారి కడుక్కోవాలి. ఎక్కువసార్లు కడిగితే జిడ్డు ఇంకా ఊరుతుందన్న భయం అక్కర్లేదు. గ్రంథిని నడిపేది హార్మోను, నీళ్ళు కావు. పొడి మాడువాళ్ళకు మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

అయితే ఆ వారం లెక్క ఒకచోట అద్భుతంగా కుదిరింది. పేను పెట్టిన ఈరు పొదిగి పిల్ల కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. బడిపిల్లల తలలకు వారం వారం నూనె దట్టించి, పేలదువ్వెనతో పాయ పాయగా దువ్వి పోసే ఇంట్లో, పొదిగిన పిల్ల మళ్ళీ ఈరు పెట్టేలోపే దువ్వెనకు చిక్కుతుంది.

గూడూరు అంటే నిమ్మకాయల మార్కెట్టు. బస్తాలు బస్తాలుగా కాయలు దొరికే ఊళ్ళో నిమ్మచెక్క తలకు రుద్దుకోవడం సహజమే. ఇందులో నిజమెంతో చూద్దాం. నిమ్మరసం ఆమ్లమే, జిడ్డును కొంత విడగొడుతుంది, ఆఖరి నీళ్ళలో కొద్దిగా కలిపితే సబ్బు మడ్డిని వదిలించి మెరుపు ఇస్తుంది. కానీ దాని పి.హెచ్. రెండు, రెండున్నర. మాడు సహజగుణానికి అది చాలా దూరం. పొడి మాడు, సున్నితమైన మాడు దానికి ఎర్రబడి పగులుతాయి. పైగా నిమ్మతొక్కలోని నూనెలో ఎండకు రేగే పదార్థాలుంటాయి. అది చర్మం మీద ఉండగా ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, ఆ తర్వాత నెలలపాటు నల్లమచ్చ మిగులుతుంది. మార్కెట్టులో చేతులకు రసం పట్టించుకుని ఎండలో పనిచేసేవాళ్ళు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. తలకు వాడదలచుకుంటే చెంబెడు నీళ్ళకు ఒక చెంచా రసం, అదీ జిడ్డు మాడుకే, ఆ వెంటనే మంచినీళ్ళతో కడిగేసి నీడలో ఆరబెట్టుకోవాలి.

ఈ ప్రాంతంలో మాడును ఇంతకంటే దగ్గరగా చూసేవాళ్ళు ఒక్కరే ఉన్నారు, తిరుమల కల్యాణకట్ట క్షురకులు. రోజూ వేలాది తలలు. వాళ్ళ పనిని తొందరపనిగా చూసేవాళ్ళు పక్కన నిలబడి ఒక్క తల గమనిస్తే చాలు. ముందు నీళ్ళు చల్లి కుదుళ్ళదాకా నానేట్టు చేత్తో పిసుకుతారు. వెంట్రుక తన బరువులో మూడోవంతుదాకా నీళ్ళు పీల్చి మెత్తబడుతుంది కాబట్టి, నానిన తల మీద బ్లేడుకు బలం పెట్టక్కర్లేదు. ఎడమ బొటనవేలు చర్మాన్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది, కుడిచేతి కత్తి ఆ సాగిన చోట మీదుగానే వెళుతుంది. సుడి దగ్గర వెంట్రుకల వాలు చుట్టూ తిరుగుతుంది. అక్కడ కత్తి కూడా వాలు ప్రకారం దిక్కు మార్చుకుంటుంది. ఆ మలుపులో గాటు పడకపోవడమే వాళ్ళ ఘనత. చెవి వెనక మడత, మెడ వంపు, ఏడుస్తూ తల ఆడించే చంటిబిడ్డ, ఆడవాళ్ళకు తలనీలాలు తీసే మహిళా క్షురకుల ఒడుపు, ఒక్కొక్కటీ ఒక్కో పాఠం. తల పొడిబారి పొట్టు లేచి ఉంటే ఇంకొన్ని నీళ్ళు చల్లడం, కురుపుంటే దాని చుట్టూ తప్పించి పోవడం చూశాక వాళ్ళ వేళ్ళకూ మా అవ్వ వేళ్ళకూ చుట్టరికం ఉందనిపించింది. అక్కడ తీసిన తలనీలాలను దేవస్థానం 2011 నుంచి ఈ-వేలంలో అమ్ముతోంది. లోకమంతా జుట్టు విలువ కడుతుంటే ఆ క్షురకుల చూపు మాత్రం చర్మం మీద ఉంటుంది. గుండు చేయించుకున్నాక మాడు అసలు రంగు, అసలు గుణం కంటికి కనిపిస్తాయి. మచ్చలు, రేకులు, ఎర్రదనం ఏదైనా ఉంటే చర్మవైద్యుడికి చూపించుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

చంటిబిడ్డల తల సంగతి వేరే చెప్పుకోవాలి. కొందరు పసివాళ్ళ నడినెత్తిన పసుపుపచ్చని బంక పొర కడుతుంది. తల్లి హార్మోన్ల వల్ల చురుగ్గా ఉన్న తైలగ్రంథుల పని అది, అపరిశుభ్రత కాదు. కాళ్ళు చాపి బిడ్డను వాటి మీద బోర్లించి నీళ్ళు పోసే పెద్దావిడలు ఆ పొరను గోటితో గీకరు. చుక్క నూనె రాసి కాసేపు నాననిచ్చి, మెత్తని గుడ్డతో తుడిచేసి, ఆ నూనె మిగలకుండా కడిగేస్తారు. ఏడాదిన్నర దాకా మాడు పూర్తిగా పూడదు కాబట్టి అక్కడ అరచెయ్యి బరువు మోపరు, వేలికొసతో తాకీ తాకనట్టు పోతారు. మాడు నొక్కి గుంటలో నూనె నింపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది మానాలి.

గోరింటాకు, రంగుల దగ్గర సున్నితమైన మాడువాళ్ళకు ఒక్క మాట. ఆకు గోరింట నల్లరంగు ఇవ్వదు. పెట్టిన గంటలో నల్లబడితే అందులో రసాయనం కలిసినట్టే. ఏ రంగైనా ముందు మోచేతి మడతలో చుక్క రాసి రెండు రోజులు చూశాకే తలకు పెట్టాలి.

పోయడం అయ్యాక ఆరబెట్టడం మిగులుతుంది. నానిన వెంట్రుక సాగుతుంది, ఆ స్థితిలో లాగితే తెగుతుంది. అందుకని తువ్వాలతో రుద్దరు. పలచటి నూలుతుండుతో అద్ది, నీళ్ళు పీల్చుకునేదాకా చుట్టి ఉంచుతారు. ఆ తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన బుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరుస్తారు. పొగ తడిని లాగేస్తుంది, వాసన అంటుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ పొగ పనికిరాదు, వాళ్ళకు గాలి చాలు. తడిమాడును ముడేసి పడుకోనివ్వడం మాత్రం ఏ రకం తలకూ మంచిది కాదు. చెమ్మా వెచ్చదనం కలిసినచోట బూజు పెరుగుతుంది. చివరన దువ్వెన. మొదట కొసల్లో చిక్కు విడదీసి, మెల్లగా పైకి వచ్చి, అంతా విడిపోయాక అప్పుడు మాడునుంచి కొసదాకా ఒకే దువ్వు. ఆ దువ్వుతో కుదుట్లో ఊరిన నూనె కొసలకు చేరుతుంది. పొడి కొసలున్నవాళ్ళకు రోజూ రెండుపూటలా ఇలా దువ్వమని, జిడ్డు మాడువాళ్ళకు పళ్ళు మాడుకు తగలకుండా పైపైన దువ్వమని అవ్వ చెప్పేది. దువ్వెనను మాత్రం ఎవరిది వాళ్ళకే ఉంచి, తలకు పోసుకున్న ప్రతిసారీ మిగిలిన కుంకుడు రసంలో దాన్నీ కడిగించేది.